ప్రాయశ్చిత్తము - కఫారా

లేపాక్షి వీరభద్రాలయమును గట్టించిన విరూపణ్ణ రాజధనమును వ్యయపఱచెనను నిందకు లోనై, రాజదండనమునకు మున్నే తన కన్నులను దానే పెఱికికొనెనని ఐతిహ్యము. నింద యెవనిదో దండన మాతనిదే యను భావ మీ కథయందుఁ గలదు.

సమీపమున పెనుగొండలో బాబయ్య దర్గాను సేవించు మహమ్మదీయులకును ఈ భావము క్రొత్త గాదు. ఒకని బరువు వేఱొకఁడు మోయఁడని ఖురాను పలుచోట్లఁ జెప్పుచున్నది. తౌబా చేసి మరలినవానిని దేవుఁడు క్షమింపఁగా నడుమ బలి యేల యని వారి ప్రశ్న. క్రీస్తు సిలువపై మరణించెననుటనే వా రంగీకరింపరు.

వారి యింటిభాష దక్కనీ. ఆ భాషలో క్రైస్తవమతమును బోధింపఁబూనినవారిలో జర్మనుదేశీయుఁడగు బెంజమిన్ షుల్జ్ యొకఁడు. ఈతఁడు 1726లో చెన్నపట్టణము చేరి, బైబిలును దెనిఁగించెను, అది యచ్చుగాలేదు. దక్కనీ వ్యాకరణము 1745లోను, ఆ భాషలోని క్రొత్తనిబంధన అరబ్బీలిపిలో 1758లోను హాలేనగరమున ముద్రితములైనవి.

చిక్కంతయు శబ్దములయందున్నది. 'ప్రాయ' మనఁగాఁ దపస్సు, 'చిత్త' మనఁగా నిశ్చయమని శాబ్దికులు; నడుమ సుడాగమమును వార్తికకారుఁడు విధించెను. ఈ తపస్సునకుఁ గర్త పాపియే. కఫారా యనఁగాఁ గప్పునది. ఒట్టు దప్పినవాఁడు పదుగురు పేదలకు అన్నమో వస్త్రమో యిడవలెను, లేదా దాసు నొకని విడిపింపవలెను. శక్తి లేనియెడల మూఁడునాళ్ళుపవసింపవలెను. ఇచ్చటను గర్త పాపియే. క్రైస్తవుఁ డీ మాటలనే గైకొని కర్తను మార్చెను: అపరాధమునకు గుఱియైన దేవుఁడే పరిహారము చెల్లించెననును. పరుఁడొకఁడు బలియయ్యెనని వినువాఁ డపార్థము చేసికొనుట యిందువలననే. తెనుఁగు బైబిలు ప్రాయశ్చిత్తశబ్దమును, ఉర్దూ బైబిలు కఫారాశబ్దమును నేఁటికిని వాడుచున్నవి.