వంటపుస్తకం లేని వంట: రుద్రవరం ప్రాంత ఆహారచరిత్రకు ఆధారాలు

నంద్యాల జిల్లా రుద్రవరానికి తూర్పున నల్లమల, పడమట కుందూ పరీవాహకపు నల్లరేగడి నేలలు ఉన్నాయి. ఈ రెండింటి నడుమ బతికిన రైతులు, కూలీలు, చెంచులు తమ వంటను కాగితం మీద పెట్టలేదు. కాబట్టి ఇక్కడి సంప్రదాయ వంటల పరిరక్షణ అంటే పాత వంటపుస్తకాన్ని పునర్ముద్రించడం కాదు. వంటపుస్తకాలు కాని ఆధారాల నుంచి వంటను రాబట్టడం.

అచ్చయిన పుస్తకాల్లో విస్తృతంగా చదివినవి ఉన్నాయి. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ ఎన్నో ముద్రణలు పొంది, తెలుగిళ్లలో ఒక ప్రమాణగ్రంథంలా నిలిచింది. అయితే ప్రమాణం స్థిరపడినచోట ప్రాంతీయ పదం వెనక్కి తగ్గుతుంది. సీమలో ఓళిగ అనేది పుస్తకంలో బొబ్బట్టు అవుతుంది. కర్నూలు ప్రాంతపు బుడ్డలు వేరుశనగలవుతాయి. పేరు మారితే రుచి మారదని వాదించవచ్చు. కాని పరిశోధకుడు వెతికేది పేరుతోనే కదా.

కావ్యాధారాలను కూడా జాగ్రత్తగా చదవవలసి ఉంది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో కావ్యాల నుంచి భోజనవివరాలు రాబట్టే మార్గం చూపారు. రుద్రవరానికి సమీపంలోని అహోబిలాన్ని దర్శించి అక్కడ శాసనం వేయించిన కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఋతువును బట్టి అతిథులకు పెట్టే భోజనాన్ని వర్ణించాడు. అది వరి అన్నపు పంక్తి. ఈ నేల తిన్నది మాత్రం ఎక్కువగా జొన్న, కొర్ర; బ్రిటిష్ కాలపు గెజిటీర్లు జిల్లా ప్రధాన ఆహారధాన్యాలుగా పేర్కొన్నవి అవే.

కొలతలతో కూడిన ప్రాచీన ఆధారాలు దేవాలయ శాసనాల్లో దొరుకుతాయి. తిరుమల శాసనాలు అప్పాలు, అతిరసాల వంటి నైవేద్యాలకు బియ్యం, నెయ్యి, బెల్లం, మిరియాలు ఎంతెంత ఇవ్వాలో నిర్దేశించాయి. అవి తయారీ విధానాన్ని చెప్పవు, ఖర్చును చెబుతాయి. అయినా కారానికి మిరియమే ఉండడం గమనార్హం. మిరపకాయ, వేరుశనగ రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల రాక తరువాత వచ్చిన పంటలు. ఈ రెండూ లేని ఊరిబిండిని నేటి సీమవాసి ఊహించలేడు. ‘అనాదిగా వస్తున్న వంట’ అనే మాటను ఏ వ్యాసంలోనైనా ఆచితూచి వాడాలి.

ఆకలి కూడా పత్రాలను మిగిల్చింది. 1876-78 కరువులో కర్నూలు జిల్లా తీవ్రంగా నష్టపోయింది. 1871, 1881 జనగణనల మధ్య జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యాన్ని, కొద్ది నగదును ప్రమాణంగా నిర్ణయించగా, మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ అది చాలదని వ్యతిరేకించాడు. ఈ వివాదం తిండిని బరువుగా, పోషకంగా లెక్కించింది. ఆ ధాన్యాన్ని ఎవరు ఎలా వండుకున్నారన్నది ఆ లెక్కకు పట్టలేదు.

సంగటినే తీసుకుంటే సమస్య స్పష్టమవుతుంది. ఎసట్లో నూకలు ఉడికించి, పిండిని గుట్టగా పోసి, కదపకుండా మగ్గనిచ్చి, ఆ తరువాత తెడ్డుతో గెలకాలి. పిండి ఎప్పుడు మగ్గిందో చెప్పేది గడియారం కాదు, ఆవిరి వాసన. కొలత సోల, తవ్వ, మానిక. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్క ఉన్నా, మానిక పరిమాణం అంతటా ఒకటి కాదు. 1956 నాటి తూనికలు-కొలతల చట్టం తరువాత ఈ పాత్రలు క్రమంగా అటకెక్కాయి. అందుచేత నేటి సేకర్తలు సోలను గ్రాముల్లోకి మార్చి రాస్తున్నారు. ఇది అనవసరమైన దోషాన్ని తెస్తుంది. ఒకే పాత్రతో పిండినీ నీటినీ కొలిచినప్పుడు నిలిచేది నిష్పత్తి. పాత్ర చిన్నదైనా పెద్దదైనా అది మారదు. నిష్పత్తిని యథాతథంగా నమోదు చేసి, పాత్ర దొరికితే దాని పరిమాణాన్ని విడిగా కొలిచి రాయడమే సరైన పద్ధతి.

1983లో రెండు ఘటనలు కలిసివచ్చాయి. కిలో రెండు రూపాయల బియ్యం పథకం అమల్లోకి వచ్చింది. నల్లమల పడమటి అంచున నీరు తెచ్చిన తెలుగుగంగ పథకం ఆరంభమైంది. బియ్యం పండగ తిండిగా ఉన్న ఇళ్లలో అది రోజువారీ తిండి అయింది. దీన్ని నష్టంగానే చూడడం సరికాదు: దంచడం, విసరడం నుంచి స్త్రీలకు కొంత విముక్తి దొరికింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన వేళ వచ్చిన ప్రశంసల్లో ఈ శ్రమ ప్రస్తావన అరుదు.

విత్తనానికి మాత్రం సంరక్షకులున్నారు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం కొర్రలో సూర్యనంది వంటి రకాలను రూపొందించింది. విత్తనం పక్కన దాని వంట నమోదు లేదు. సేకరణపత్రంలో ఊరు, ధాన్యపు రకం, పాత్ర, వంటచెరకు, దంచినదా మరపట్టినదా, చెప్పినవారు ఆ వంటను ఎవరి దగ్గర నేర్చుకున్నారు అనే అంశాలు కనీసంగా ఉండాలి. 1983 నాటికి ఇరవై ఏళ్లు నిండి సంగటి గెలికిన స్త్రీకి నేడు అరవై దాటింది.