అండమాన్ దారి: ఓడా, విమానమా?

అండమాన్‌లో పోస్టింగ్ చేసిన సోదరులు ఎక్కడ కలిసినా మొదట వచ్చే మాట ఒకటే, "ఓడలో వెళ్లారా, విమానంలోనా?" అని. ఈ ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉంది.

1858 మార్చి 10న 'సెమిరామిస్' ఓడ 200 మంది ఖైదీలతో పోర్ట్‌బ్లెయిర్ చేరింది. ఏ దారిన పోదామని వాళ్లను అడిగినవాడు లేడు. మన మన్యం వీరుడు గాం మల్లుదొర కూడా సముద్రం దాటి ఆ శిక్షకే వెళ్లాడు. తిరిగొచ్చి 1952లో లోక్‌సభ సభ్యుడయ్యాడు.

విమానం దారి వేసింది యుద్ధం. 1942 మార్చిలో దీవుల్ని పట్టుకున్న జపాన్‌వాళ్లు అక్కడి జనం చేత వెట్టిచాకిరీ చేయించి రన్‌వేలు వేశారు. 1943 డిసెంబరులో నేతాజీ దిగింది విమానంలోనే.

నేను 1998లో హవల్దారుగా వెళ్లాను. విశాఖలో ఓడ ఎక్కితే, సముద్రం బాగుంటే మూడో రోజుకి దిగేవాళ్లం. బంక్ క్లాసులో డీజిల్ వాసన, వాంతులు. అయితేనేం, ట్రంకుపెట్టె, బెడ్డింగు, ఆవకాయ జాడీ అన్నీ వెంట వచ్చేవి. చెన్నై నుంచి విమానమైతే రెండు గంటలే, కానీ టికెట్టు జవానుకి అందేది కాదు. అసలు తేడా టెలిగ్రాం వచ్చినరోజు తెలిసేది. మాతో ఉన్న శ్రీకాకుళం కుర్రాడికి తండ్రి పోయాడని కబురొచ్చింది. ఓడ ముందురోజే వెళ్లిపోయింది. తలా కొంత వేసుకుని విమానం టికెట్టు కొన్నాం. దహనానికి అందలేదు గానీ, పెద్దకర్మ తన చేతులతో చేసుకున్నాడు. ఓడ కోసం ఆగితే అదీ దక్కేది కాదు.

కార్‌నికోబార్‌కి సుమారు 270 కిలోమీటర్లు. సాయంత్రం ఓడ ఎక్కితే తెల్లారి దిగొచ్చు. హెలికాప్టర్‌లో సీట్లు నాలుగైతే అడిగేవాళ్లు నలభైమంది.

2004 డిసెంబరు 26న సునామీ ఆ దీవిమీద పడింది. మన ఎయిర్‌ఫోర్స్ సోదరులు, వాళ్ల కుటుంబాలు కలిపి వందమందికి పైగా పోయారు. జెట్టీ పాడైంది. మిగిలిన రన్‌వే ముక్కమీద దిగిన విమానాలే గాయపడ్డవాళ్లను తెచ్చాయి. తర్వాత నెలల తరబడి బియ్యం, రేకులు, సిమెంటు మోసింది మాత్రం ఓడలే. విమానాలు పెరిగాక ఓడలెందుకనేవాళ్లకి నా జవాబు ఇదే.

2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అయింది. అక్కడికి పోస్టింగ్ వచ్చిన కుర్రాళ్లు అడిగితే ఒకటే చెప్తాను: సామాను ఓడలో వేయండి, వానాకాలంలో చంటిపిల్లలతో మాత్రం ఓడ ఎక్కకండి, విమానం టికెట్టు డబ్బు కొంత ఎప్పుడూ పక్కన ఉంచుకోండి.