బడి లెక్క అడిగేదెవరు?

నరసాపురం టేలర్ హైస్కూలు పేరు డెల్టాలో చాలామందికి తెలుసు. టేలరెవరో తెలిసినవాళ్లు తక్కువ. 1850లలో ఇక్కడ పనిచేసిన సబ్ కలెక్టరు ఆయన. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న రోజులవి. బళ్ల కోసం శిస్తుతో పాటు అదనంగా పన్ను కడతామని నరసాపురం చుట్టుపక్కల రైతులు ఒప్పుకున్నారు. (దొర అడిగితే కాదనేదెవరు, అది వేరే సంగతి.) ఈ పన్ను బళ్లను చట్టం కిందికి తేవడానికే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యాచట్టం చేసింది.

చట్టం నిలదొక్కుకోలేదు. 1871 లోకల్ ఫండ్స్ చట్టంతో పెత్తనం బోర్డులకు పోయింది.

అసలు లోపం మొదటినుంచీ ఉన్నదే. పన్ను భూమి మీద కాబట్టి, భూమి ఉన్నవాడి మాటే చెల్లింది. పాలేరు కొడుక్కి, ఏ ఇంటి ఆడపిల్లకైనా బడి ఎందుకు లేదని అడిగే నోరు ఊళ్లో లేదు. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల పాఠశాల తెరిచారు. తర్వాత కాకినాడలో పిఠాపురం మహారాజా దళిత విద్యార్థులకు హాస్టలు పెట్టారు. గొప్ప పనులే. కానీ దాత చేయి వెనక్కి తీసుకుంటే నిలదీసే హక్కు ఎవరికుంటుంది?

ఆ హక్కు రావడానికి 1993 దాకా పట్టింది. ప్రైవేటు కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల మీద నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాది. ఫీజుల తగవు తీరుస్తూనే సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కని తేల్చింది. 1998లో రాష్ట్రం చట్టం చేసి బళ్లకు తల్లిదండ్రుల కమిటీలు పెట్టింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది, గ్రాంటు ఖర్చు కనిపెట్టాల్సింది వాళ్లే.

కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ మీటింగుకు వస్తే కూలితల్లికి ఆ పూట కూలి పోతుంది. వచ్చినా, ముందే రాసి ఉంచిన తీర్మానాల పుస్తకంలో వేలు పెట్టిన చోట సంతకం చేసి వెళ్లడమే చాలాచోట్ల ఆనవాయితీ. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకేరోజు జరిపిన మెగా పేరెంట్స్ మీటింగు పండగలా సాగింది. పండగనాడు లెక్కలు అడగడం కష్టం.

మీ పిల్లల బడి కమిటీలో మీరుంటే ఈసారి సంతకానికి ముందు ఒక్కటి అడగండి: మూడో తరగతిలో ఎందరు తెలుగు పాఠం తప్పుల్లేకుండా చదువుతున్నారు? చదవలేని పిల్లలు ఏ పేటవాళ్లు?