కాలు దక్కించే వైద్యం: బొల్లాపల్లి నుంచి చూస్తే

రక్తనాళాల వైద్య చరిత్రను కోత చిన్నదవుతూ వచ్చిన కథగా చెబుతుంటారు. 1902లో ఫ్రెంచి సర్జన్ అలెక్సిస్ కారెల్ రక్తనాళాల అంచులను కలిపి కుట్టే పద్ధతిని ప్రకటించాడు. 1912లో ఆయనకు నోబెల్ దక్కింది. 1948లో పారిస్‌లో కున్లిన్ రోగి సిరనే తీసి, పూడుకుపోయిన కాలి ధమనికి బైపాస్‌గా అమర్చాడు. 1963లో ఫోగార్టీ చిన్న బెలూన్ గొట్టంతో నాళంలోని గడ్డను బయటకు లాగే మార్గం చూపాడు. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్, కాలు తీయించుకోనన్న 82 ఏళ్ల వృద్ధురాలి తొడ ధమనిని గొట్టాలతోనే వెడల్పు చేశాడు. ఆమె కాలు నిలిచింది. నేటి బెలూన్, స్టెంట్ చికిత్సలన్నిటికీ అదే మూలం.

అయితే పల్నాడు జిల్లాలోని బొల్లాపల్లి మండలం నుంచి చూస్తే, ఈ చరిత్రను కొలవాల్సింది కోత పొడవుతో కాదు, రోగికి మిగిలే సమయంతో. కాలి ధమనిలో హఠాత్తుగా గడ్డ అడ్డుపడితే సుమారు 6 గంటలు దాటేసరికి కండరం చచ్చుబడటం మొదలవుతుంది. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా ఈ మండలం గుంటూరు జిల్లాలోనే ఉండేది. పెద్ద వైద్యానికి దిక్కు గుంటూరు. అక్కడికి వెళ్లే రైలు ఎక్కాలన్నా ముందు వినుకొండ చేరాలి. 1946లో గుంటూరు వైద్య కళాశాల మొదలవడం ఈ ప్రాంతానికి ఎంతో మేలు చేసింది. కానీ ఆస్పత్రి ఉండటం వేరు, కాలు నల్లబడకముందే రోగి అక్కడికి చేరడం వేరు.

నాళంలోకి తీగ పంపి చేసే బెలూన్, స్టెంట్ చికిత్స వచ్చాక కత్తితో పనేముందని కొందరంటారు. 2022లో వెలువడిన బెస్ట్-సీఎల్ఐ అధ్యయనం, మంచి సిర ఉన్న రోగులకు బైపాస్ మేలని చూపింది. 2023 నాటి బేసిల్-2 అధ్యయనంలో, మోకాలి కింది నాళాలకు ముందుగా తీగ చికిత్స చేసినవారే మెరుగ్గా ఉన్నారు. అంటే రెండు విద్యలూ ఒకేచోట ఉండాలి, ఏది ఎవరికో తేల్చే వైద్యుడూ ఉండాలి. 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి కదా, ఇంకేం కావాలని మరికొందరంటారు. బండి, డబ్బు అనే రెండు అడ్డంకులను అవి చాలావరకు తొలగించాయి, కాదనలేం. కానీ నడిస్తే పిక్క పట్టేసి, నిలబడితే తగ్గే నొప్పిని వయసు నొప్పి అనుకునే మనిషి 108కు ఫోన్ చేయడు.

పైగా ఇది పొగాకు నేల. 1976 నుంచి పొగాకు బోర్డు కేంద్రం గుంటూరే. పొగాకుతో ముడిపడి, చిన్న వయసులోనే కాళ్ల నాళాలను మూసేసే జబ్బును లియో బర్గర్ 1908లోనే వివరించాడు. ఇప్పుడు దానికి మధుమేహం తోడైంది. అందుకే తర్వాతి అడుగు కొత్త పరికరం కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చుట్ట, బీడీ తాగేవారి, షుగరున్నవారి పాదాల నాడి చూడాలి. మానని పుండును, చల్లబడిన పాదాన్ని ఆ రోజే పెద్దాస్పత్రికి పంపాలి. పాదం మీద రెండు వేళ్లు ఆనించి నాడి చూడటానికి నిమిషం చాలు; దాన్ని వెంటనే మొదలుపెట్టండి.