లాసా అప్సో
టిబెట్ బౌద్ధ మఠాల్లో పెరిగిన పొడవాటి జుట్టున్న చిన్న కుక్క. ఎత్తు సుమారు 25–28 సెంటీమీటర్లు, బరువు 5–8 కిలోలు. చూడ్డానికి ముద్దుగా ఉన్నా ఇది కావలి జాతే: వాకిట్లో మాస్టిఫ్ అనే పెద్ద కుక్క కాపలా ఉంటే, లోపల కొత్త అలికిడి పసిగట్టి మొరిగేది ఇదే. అందుకే కొత్తవాళ్లతో ఓ పట్టాన కలవదు, తొందరపెట్టకూడదు. 1933లో 13వ దలైలామా అమెరికన్ యాత్రికుడు సైడమ్ కటింగ్‌కు ఒక జంటను కానుకగా ఇచ్చారు. 1935లో అమెరికన్ కెనెల్ క్లబ్ ఈ జాతిని గుర్తించింది. డార్జిలింగ్‌లో పర్వతారోహకుడు టెన్సింగ్ నార్గే వీటిని ప్రేమగా పెంచారు.

ఈ చలికొండల కుక్కకు జంషెడ్‌పూర్‌లోని పర్సుడీహ్ లాంటి చోట వేసవి కష్టమే. అక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున్నే, చీకటిపడ్డాకే నడిపించాలి. జుట్టు కురచ చేయించవచ్చు గానీ నున్నగా గొరిగిస్తే చర్మం కమిలిపోతుంది. చెవుల వెనక, చంకల్లో చిక్కులు ముందుగా పడతాయి; అక్కడ రోజూ దువ్వాలి.