పద్మ (మొజిల్లా పొడగింత)

పద్మ తెలుగు మరియు మరికొన్ని భారతీయ భాషలలో పాత ఫాంట్లతో ఉన్న పాఠ్యాన్ని యూనీకోడులోకి మార్చే ఉపకరణం. ఇది మొజిల్లా ఫైర్‌ఫాక్సు విహారిణికి పొడగింతగా ప్రసిద్ధి చెందినది. దీనిని వెన్న నాగార్జున రూపొందించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను ప్రారంభించినవారు కూడా ఈయనే.

నేపథ్యం

2000 దశకం తొలినాళ్ళలో తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటును వాడేవి. ఆంగ్లాక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థం లేని గుర్తులు కనిపించేవి. వెదకడం సాధ్యమయ్యేది కాదు. ఈనాడు, వార్త వంటి పత్రికల పేజీలను పద్మ అక్కడికక్కడే యూనీకోడులో చూపించేది.

పనిచేసే విధానం

ప్రతి ఫాంటుకు ఒక పట్టిక ఉంటుంది. ఏ గుర్తుకు ఏ తెలుగు అక్షరమో అందులో ఉంటుంది. అయితే గుర్తులను వరుసగా మార్చితే సరిపోదు. మూడు పట్టణాల పేర్లు ఇందుకు ఉదాహరణ.

* తెనాలి: పాత ఫాంట్లలో "లి" తరచుగా ఒకే గుర్తు. యూనీకోడులో "ల", గుడి అనే రెండు సంకేతాలు.
* బాపట్ల: పాత ఫాంటులో లవత్తు ఒక ప్రత్యేక గుర్తు. యూనీకోడులో అది పొల్లు, "ల" కలిసిన రూపం.
* రేపల్లె: పాత ఫాంటులో ముందు "లె", తరువాత లవత్తు వస్తాయి. యూనీకోడులో "ల", పొల్లు, "ల", ఎత్వం అనే వరుస ఉండవలెను. కనుక క్రమాన్ని మార్చవలసి ఉంటుంది.

కొత్త వెర్షన్లతో ఇబ్బంది

పొడగింత ఏ వెర్షను వరకు పనిచేస్తుందో దాని స్థాపన ఫైలులో వ్రాయవలసి ఉండేది. 2012 జనవరిలో వచ్చిన ఫైర్‌ఫాక్సు 10 ఈ నిబంధనను సడలించినది. 2017 నవంబరు 14న విడుదలైన ఫైర్‌ఫాక్సు 57 పాత జుల్ పద్ధతి పొడగింతలను పూర్తిగా నిలిపివేసినది. ఆ పద్ధతిలో వ్రాసిన పద్మ అందులో పనిచేయదు.

నవీకరణ

నిర్వహణ ఆగిపోయిన ఇటువంటి పొడగింతను కొత్త వెర్షనుకు తీసుకొనిరావడానికి ముందుగా లైసెన్సును గానీ రచయిత అనుమతిని గానీ చూసుకొనవలెను. తరువాత విహారిణితో ముడిపడిన భాగాన్ని, దానితో సంబంధం లేని భాగాన్ని వేరు చేయవలెను. అక్షర పట్టికలు, క్రమం మార్చే నియమాలు రెండవ కోవకు చెందినవి. వాటిని దాదాపుగా అలాగే వాడుకొనవచ్చును. మెనూలు, పేజీని చదివే భాగం, స్థాపన ఫైలు మాత్రం కొత్తగా వ్రాయవలెను. చివరగా పై మూడు పేర్ల వంటి పదాలతో పరీక్షించవలెను.

వీడియో ఆటల మోడ్‌లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. 2018లో మైన్‌క్రాఫ్ట్ 1.13 వెర్షను దిమ్మెల అంకెల గుర్తింపులను తొలగించి పేర్లను ప్రవేశపెట్టడంతో పాత మోడ్‌లను సవరించవలసి వచ్చినది. 2016లో స్కైరిమ్ ప్రత్యేక సంచిక 64 బిట్లకు మారినప్పుడు బొమ్మలు చాలావరకు పనికివచ్చినవి. 32 బిట్ల ప్రోగ్రాము ఫైళ్ళను మాత్రం తిరిగి నిర్మించవలసి వచ్చినది.

ప్రాముఖ్యత

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడేవరకు పై మూడు పట్టణాలు గుంటూరు జిల్లాలోనివే. నేడు తెనాలి గుంటూరు జిల్లాలోను, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోను ఉన్నాయి. పాత వార్తలను ఆనాటి ఫాంటులోనే భద్రపరచుకొన్నవారు నేడు ఊరి పేరుతో వెదకినా ఏమీ దొరకదు. పత్రికలు యూనీకోడుకు మారినా అప్పటి పేజీలు వాటంతట అవి మారవు. ఆ ఫాంటు పట్టిక కూడా పోతే పాఠ్యం కంప్యూటరులో ఉన్నా చదవడం దుస్సాధ్యమవుతుంది. అందువలన వాడుక తగ్గిన ఉపకరణమైనా దాని పట్టికలను కాపాడుకొనడం అవసరం.