మంట లేని వంట

పొద్దంతా పనిచేసి ఇల్లు చేరినవారికి రాత్రి వంట కొండంత భారము. ఆ భారాన్ని ఉదయానికి మార్చిన ఉపాయ మొకటి ఉన్నది.

1867లో పారిస్ ప్రదర్శనలో నార్వే దేశీయుడు యోహాన్ సోరెన్‌సెన్ ఒక పెట్టెను చూపించాడు. చుట్టూ దళసరి మెత్త, నడుమ గిన్నె. అంతే! పొద్దున కొంతసేపు మరిగించిన గిన్నెకు మూతపెట్టి అందులో ఉంచితే, మంట లేకుండానే లోపలి పదార్థం ఉడికేది. సామాన్య గృహాలలో మెత్తకు బదులు ఎండుగడ్డి కూరేవారు.

ఇందులో మాయ లేదు. నీరు మరగసాగిన తరువాత మంట ఎంత పెంచినా దాని వేడి సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటదు. గ్రాము నీటిని 30 డిగ్రీల నుండి అంతదాకా తేవటానికి 70 కేలరీలు చాలు. ఆవిరిగా మార్చాలంటే మరి 540 కావలె! పొయ్యి ముందు కూర్చుని ఎగదోసే కట్టెలలో ఎంత భాగం ఆవిరిపాలో విద్యార్థులే ఊహించవచ్చు. గడ్డి సందులలో చిక్కిన గాలి అధమ ఉష్ణవాహకం గనుక వేడి త్వరగా బయటపడదు.

1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు కొత్త ఇండ్లకు వంటగదిని రూపొందించిన వియన్నా వాస్తుశిల్పి మార్గరేతె షుట్టె-లిహోత్స్కి అందులో ఇట్టి పెట్టెకు చోటిచ్చింది. 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు గల ఆ గదిలో గృహిణి వేసే అడుగులను సైతం లెక్కించి తగ్గించింది. స్త్రీ అలసటను శాస్త్రీయ సమస్యగా ఎంచటం గొప్ప విషయమే. ఆ లెక్కలో పురుషుని అడుగులు మాత్రం లేవు!

ఒక్క జాగ్రత్త. వేడి 60 డిగ్రీలకు దిగితే సూక్ష్మజీవులు పెరగవచ్చు; తినబోయే ముందు మళ్లీ బాగా మరిగించవలె.